వెనక్కి మీట

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ పక్కనుంచి ఎప్పుడు వెళ్లినా, ఆ పచ్చి వాసన తగలగానే పద్మ మేడమ్ గుర్తొస్తారు. మార్కెట్ వెనక సందులో ఆమె కంప్యూటర్ సెంటర్ నడిపేవారు. రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. నేను పెనుకొండ నుంచి బస్సులో వచ్చి ఆమె దగ్గర చదువు చివరి ప్రాజెక్టు చేసేదాన్ని. ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లంకెలు వేసిన సమాచారంలో కొత్తవాళ్లు దారి ఎలా వెతుక్కుంటారన్నది నా విషయం. అందుకు తగిన సమాచారమే దొరకలేదు. గ్రహాల గురించిన ఇంగ్లీషు సీడీ పెడితే, వచ్చినవాళ్లంతా మౌస్ మీద చెయ్యి పెట్టి మా మొహాలు చూస్తూ కూర్చున్నారు. నాకు ఏడుపొక్కటే తక్కువ.

“వీళ్లకు ఆడ తెలిసినోళ్లు ఎవురుండారు? యాడికని పోతారు?” అన్నారు మేడమ్.

ఆమె పుట్టిల్లు ధర్మవరం, నేతగాళ్ల ఇల్లు. పట్టుగూడు నుంచి చీర మడత దాకా మేమే పేజీలు తయారు చేశాం. డిస్కులో చోటు చాలదని మగ్గం పేజీకి మాత్రమే తన గొంతు రికార్డు చేశారు. ఆ పేజీలోనే వాళ్ల తమ్ముడి ఫొటో. అతను పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. చీర కోసి తీశాక మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు దారాల, కొసలు వదిలేస్తారు, కొత్త పడుగు పోగులు వాటికే అతకాలి గనక. అతని మగ్గం మీద ఆ కొసలు అలాగే ఉన్నాయి. వాళ్లమ్మ ఎవరినీ తియ్యనివ్వలేదు.

కంప్యూటర్ ధర్మవరం తీసుకెళ్లి, ఆ అమ్మనే మొదట దాని ముందు కూర్చోబెట్టాం. రంగుల అద్దకం పేజీ వెతకమన్నాను. ఆమె మగ్గం దగ్గర ఆగిపోయింది. నేను ముందుకు పంపితే వెనక్కి మీట నొక్కి మళ్లీ అక్కడికే వచ్చింది.

“అవ్వా, రంగుల కాడికి పోవల్ల” అన్నాను.

“నా కొడుకు ఈడే ఉండాడు కదమ్మా! నన్ను యాడికి పొమ్మంటావు?”

బయటికొచ్చి, “ఆ ఫొటో తీసేద్దాం మేడమ్, అవ్వ దారి తప్పుతోంది” అన్నాను.

మేడమ్ కళ్లు తుడుచుకున్నారు. “తప్పిందని నువ్వనుకుంటాండావు. మాయమ్మ పోవాల్సిన తావుకే పోయింది. అది రాసుకో.”

అదే రాశాను. ఇప్పటికీ నా ఉద్యోగంలో ఎవరైనా తెరమీద తిరిగిన చోటే తిరుగుతుంటే, తప్పని దిద్దే ముందు దేన్ని వెతుకుతున్నారో అడుగుతాను.

మేడమ్ పోయారని కబురు వచ్చిన రోజు మేం చేసిన పేజీల పాత సీడీ బయటికి తీశాను. మగ్గం పేజీలో మేడమ్, కొత్త పోగును పాత కొసకు ఎలా అతకాలో నిదానంగా చెబుతున్నారు. మాట అయిపోయింది. రంగుల పేజీకి వెళ్లాను. అక్కడ ఆమె గొంతు లేదు. ఉండలేక, వెనక్కి మీట నొక్కాను.