పైపులమ్మ ఇంట్లో ఈతకొలను

నీటి సరఫరా ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు ట్రేసరుగా పనిచేసిందామె. ఏ వీధి కింద ఏ పైపు ఎంత లోతున పోతోందో పల్చటి కాగితం మీద నల్ల సిరాతో గీయడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో అందరూ పైపులమ్మ అనేవారు. ఎదుటే అనేవారు, వెనకాల అంటే ఆమెకు ఇంకా కోపం కాబట్టి. ఇంజనీరు గీసిన గీత తప్పయితే ఇంజనీరు కళ్లముందే చెరిపేసేది. పెళ్లి చేసుకోలేదు. "నన్ను భరించేవాడు దొరకలేదు, నేను భరించగలిగేవాడు పుట్టలేదు" అని తానే చెప్పేది.

ఇరవై ఆరేళ్ల కిందట అన్న ఇల్లు కట్టుకుంటున్నప్పుడు అతని ఉద్యోగం వేరే ఊళ్లో. పునాది నుంచి పైకప్పు దాకా ఎండలో నిలబడి కట్టించింది ఈమే. అన్న ఆ మేలు మరిచిపోలేదు. పెరట్లోకి తలుపున్న కింది గది చెల్లెలికిచ్చి, "నువ్వున్నంతకాలం ఇది నీది" అన్నాడు. అన్నా వదినా పోయాక ఇల్లు వాళ్ల కొడుకు చేతికొచ్చింది. అతను టైర్ల కంపెనీలో మేనేజరు, భార్య పళ్ల డాక్టరు, ఇద్దరు ఆడపిల్లలు. డాక్టరుకూ పైపులమ్మకూ మొదటి నుంచీ ఉప్పూ నిప్పూ. ఒకరు తుడిచిన వంటింటి గట్టును ఇంకొకరు మళ్లీ తుడిచేవారు.

పెద్దపిల్ల పోటీల్లో ఈదుతుంది. ఆ పిల్ల ఈదే క్లబ్బు కొలను మూతపడటంతో పెరట్లోనే కొలను కట్టిద్దామని డాక్టరు పట్టుబట్టింది. ఒక సెలవు రోజు ఉదయం కాంట్రాక్టరు ప్లాను తెచ్చి భోజనాల బల్ల మీద పరిచాడు. ఎనిమిది మీటర్ల పొడవు, మూడున్నర వెడల్పు. లోతు ఒక చివర మూడడుగులు, రెండో చివర ఐదు.

పైపులమ్మను ఎవరూ పిలవలేదు. కాగితం చప్పుడు విని తానే వచ్చి, కళ్లజోడు సర్దుకుని వంగి చూసింది. తన గది ఉన్న చోట 'పంపు గది' అని రాసి ఉంది.

"నా మంచం ఏ పైపు పక్కన వేయమంటారు?" అంది.

అన్నకొడుకు గొంతు సవరించుకున్నాడు. "నీకే చెబుదామనుకున్నా అత్తా. పైన సామాన్ల గది ఖాళీ చేయిస్తున్నాం. గాలి బాగా వస్తుంది."

"నా మోకాళ్లకి గాలి అక్కర్లేదు."

"మెట్లెక్కితే మోకాళ్లకి మంచిదే అత్తయ్యగారూ," అంది డాక్టరు, కాగితం మీంచి తలెత్తకుండా.

"పళ్ల చదువులో మోకాళ్లు కూడా చెబుతారన్నమాట."

కాంట్రాక్టరు నవ్వబోయి, డాక్టరు ముఖం చూసి మానేశాడు. పైపులమ్మ వేలు కాగితం మీద జరిగి, లోతు చివర దగ్గర ఆగింది. ఆ చోటు ఆమెకు బాగా తెలుసు. ఇల్లు కట్టినప్పుడు మరుగుదొడ్డి తొట్టి తవ్వించింది అక్కడే. నాలుగేళ్లకు వీధిలో మురుగు లైను వచ్చాక తొట్టిని ఖాళీ చేయించి, పైన పల్చటి సిమెంటు పలకలు కప్పి మట్టి పోయించారు. లోపల పూడ్చలేదు. తొమ్మిదడుగుల గొయ్యి అలాగే ఉంది.

"ఈ మూల..." అని మొదలుపెట్టింది.

"మొదలైంది," అంది డాక్టరు. "ప్రతిదానికీ ఒక వంక. మీకేం తెలుసని ఇందులో?"

"నువ్వు ఆఫీసు వదిలి పదేళ్లయింది అత్తా," అన్నాడు అన్నకొడుకు. "ఇప్పుడన్నీ కంప్యూటరులోనే గీస్తున్నారు. వాళ్లకి వదిలేద్దాం."

పైపులమ్మ కళ్లజోడు తీసి మడిచింది. గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. తవ్వనీ, వాళ్లకే తెలుస్తుంది అనుకుంది. ఆ అనుకోవడంలో ఆమెకు ఎన్నాళ్లుగానో లేని తృప్తి కలిగింది.

మర్నాడే కాంట్రాక్టరు మనుషులు పెరట్లో సున్నంతో గీతలు గీశారు. మట్టి మెత్తగా ఉంది, పని సులువు అని సంతోషించారు. తవ్వే యంత్రం రావడానికి పదిహేను రోజులు పట్టింది. ఆ పదిహేను రోజులూ ఇంట్లో పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేటట్టు ఉంది. డాక్టరు రోజుకో అట్టపెట్టె ఆమె గది ముందు పెట్టి వెళ్లేది, సర్దుకోమన్నట్టు. పైపులమ్మ ఆ పెట్టెను కాలితో పక్కకు జరిపేది. అన్నకొడుకు స్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది. ఆఫీసులో పని పెరిగిందని ఇంటికి ఆలస్యంగా రావడం మొదలుపెట్టాడు. చివరికి పైపులమ్మ చీరలూ పుస్తకాలూ పనిమనిషి చేతుల మీదుగా మేడెక్కాయి. ఆమె కూడా ఎక్కింది, మెట్టుకోసారి ఆగుతూ.

సాయంత్రాలు పిల్లలిద్దరూ సున్నం గీతల మధ్య ఈత ఆట ఆడేవారు. మెరక చివర నుంచి పరుగెత్తుకొచ్చి లోతు చివర దూకేవారు. మొదట తన గదిలోంచి, తర్వాత మేడ కిటికీలోంచి పైపులమ్మ చూసేది. వాళ్లు దూకిన ప్రతిసారీ కుర్చీలోంచి సగం లేచేది. పిల్లల బరువుకు ఏమీ కాదులే, పలకల మందం నాకు తెలుసు కదా అని మళ్లీ కూర్చునేది. మాట మాత్రం నోరు దాటనివ్వలేదు.

యంత్రం శనివారం పొద్దున్నే వచ్చింది. పక్కగోడ కొంత కూల్చి లోపలికి తెచ్చారు. డ్రైవరు పొట్టి మనిషి, మెడకు తువ్వాలు. తలెత్తి మేడ కిటికీలోకి చూశాడు.

"పెద్దమ్మా, ఆ బట్టల తాడు మీదేనా? కాస్త తీయిస్తారా, తొండం తగులుతుంది."

ఎనిమిది టన్నుల ఇనుము, దాని మీద ఈ మనిషి. పదిహేను రోజులుగా ఆమె ఊహలో యంత్రం ఒక్కటే కూరుకుపోయింది, డాక్టరు ముఖం ఒక్కటే పాలిపోయింది. అందులో డ్రైవరు లేడు.

ఆమె మెట్లు దిగింది. ఈసారి ఎక్కడా ఆగలేదు. వెళ్లి యంత్రానికి అడ్డంగా నిలబడింది.

"చూడండి మీ మేనత్త నాటకం," అంది డాక్టరు భర్తతో. "గది పోయిందని పనే ఆపుతోంది."

"అత్తా, పక్కకి రా. నలుగురిలో నవ్వులపాలవుతున్నాం."

ఆమె పక్కనున్న కూలి చేతిలోంచి గడ్డపార లాక్కుని లోతు చివర నేలలో పొడిచింది. మట్టి. మళ్లీ పొడిచింది. నేల లోపల డొల్లగా మోగింది. మూడో దెబ్బకు పలక విరిగి, మట్టి జారి, తలుపంత నల్లటి కంత తెరుచుకుంది. పాత మురుగు వాసన పెరడంతా కమ్మేసింది. ఒక పెద్ద పెళ్ల లోపల పడిన చప్పుడు వినడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. డ్రైవరు కిందికి దిగి, తొంగిచూసి, పెరటి మెట్ల మీద కూర్చుండిపోయాడు.

"ముందే చెప్పొచ్చు కదా అత్తా," అన్నాడు అన్నకొడుకు.

"చెప్పబోయాను. నాకేం తెలుసన్నారు."

డాక్టరు కంత వైపు చూసింది, తర్వాత ఆమె వైపు. "పదిహేను రోజులు," అంది. "నా పిల్లలు ఇక్కడే దూకారు. మీరు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు."

"పిల్లల బరువుకి అది విరగదు. నాకు తెలుసు."

"మూడు పోట్లకి విరిగింది."

ముప్పై ఒక్క ఏళ్లలో ఏ ఇంజనీరు చేతా మాట పడని మనిషి ఆ పూట గడ్డపార గోడకు ఆనించి వెళ్లిపోయింది.

సోమవారం కాంట్రాక్టరు చేతులు కట్టుకుని ఆమె దగ్గరికి వచ్చాడు. నేల కింద ఇంకేమున్నాయో చెప్పమన్నాడు. ఆమె పెట్టె అడుగు నుంచి పాత నక్షా తీసి, దాని మీద కొత్త కాగితం పరిచి, తొట్టిని పూడ్చాల్సిన తీరూ, కొలను నాలుగు మీటర్లు తూర్పుకు జరపాల్సిన చోటూ గీసిచ్చింది. పంపుకు మెట్ల కింద చోటు చూపించింది. డాక్టరు ఆ కాగితానికి ఒప్పుకుంది. ఆమె మీద ప్రేమతో కాదు, ఇంకో దారి లేక. పైపులమ్మ చీరలు మళ్లీ కింది గదికి దిగాయి. ఆ రోజు నుంచి డాక్టరు ఆమెతో నేరుగా మాట్లాడటం మానేసింది. చెప్పాల్సినవి పనిమనిషి ద్వారా చెప్పించేది. కొలను చుట్టూ కంచె వేయించి, తాళంచెవి తన దగ్గరే పెట్టుకుంది.

మూడు నెలలకు పని పూర్తయింది. ఒక ఉదయం తొమ్మిదింటికి నీళ్లు వదిలారు. పెద్దపిల్ల పైపులమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది.

"మామ్మా, ఎప్పటికి నిండుతుంది?"

"రేపు పొద్దున ఏడున్నరకి."

"ఇటు వచ్చెయ్ అక్కణ్నించి," అని వాళ్లమ్మ పిలిచింది. పిల్ల వెళ్లిపోయింది.

మర్నాడు కొలను ఎనిమిదీ పదికి నిండింది. నలభై నిమిషాల తేడా ఎక్కడ వచ్చిందో తేలక, పైపులమ్మ కాగితం ముందేసుకుని లెక్క మళ్లీ మొదటి నుంచి వేసింది.