అవ్వ రెండోసారి అడగలేదు

మొన్న ప్రొద్దుటూరులో ఒక జిరాక్స్ షాపులో ఆధార్ కార్డుకు లామినేషన్ చేయించుకుంటూ నిలబడ్డాను. మిషన్ రోలర్ల మధ్య నుంచి కార్డు మెల్లగా బయటికొస్తుంటే వేడెక్కిన ప్లాస్టిక్ వాసన గుప్పుమంది. కార్డు ఒక పక్కకు వంకరగా వచ్చింది. ఇంకో రోజైతే మిషన్ దగ్గరి మనిషిని నాలుగు మాటలు అనకుండా కదిలేవాణ్ణి కాదు, ఆ షాపు మెట్లు మళ్లీ ఎక్కేవాణ్ణీ కాదు. కానీ ఆ వాసనకు నా ఒళ్లంతా హుషారెక్కింది. రోడ్డు మీది ఆటోలు మాయమై, పెన్నా లోయ అంచున కాగడాలు పట్టుకుని నడుస్తున్న ముగ్గురు మనుషులు కనబడ్డారు. వాళ్లలో ఒకడి పేరు కొండన్న. వాడికి ఒంటిచెవి గాడిద ఒకటి ఉండేది. ఆటలో వాడు నేనే. వాణ్ణి చంపింది శంషాద్ అక్క.

శంషాద్ అక్కది జమ్మలమడుగు బస్టాండు దగ్గర జిరాక్స్ షాపు. భర్తకు కువైట్‌లో గోడౌన్ పని. ఆయన గదిలో ఉండే ఫిలిప్పీన్స్ మనిషి ఒకడు సొంత దేశానికి వెళ్లిపోతూ ఒక లావుపాటి ఆట పుస్తకాన్ని, రంగురంగుల పాచికల సంచిని వదిలేసి పోయాడట. ఈయనకు వాటిని పారేయబుద్ధి కాక ఖర్జూరాల పెట్టెలో పెట్టి ఇంటికి పంపాడు. అక్క బీఏ చదివింది. బేరం లేని ఎండాకాలం మధ్యాహ్నాలన్నీ కూర్చుని ఆ పుస్తకాన్ని అట్ట నుంచి అట్ట దాకా చదివేసింది. ప్రొద్దుటూరులోని మా బట్టల షాపు పని మీద జమ్మలమడుగు వెళ్లి, అక్క షాపులో కాగితాలేవో జిరాక్స్ తీయించుకున్నప్పుడు, గాలికి కాగితాలు ఎగరకుండా వాటిపై బరువుగా పెట్టిన ఇరవై ముఖాల పాచికను చూశాను. అప్పటికి నేను దొరికిన వీడియో గేమునల్లా ఆడి, ప్రతిదాని మీదా ఇంటర్నెట్‌లో పొడుగాటి ఫిర్యాదులు రాసేవాణ్ణి. ఒక వెబ్‌సైటువాళ్లు నా సమీక్షను సగానికి కత్తిరించి వేశారు. ఆ వెబ్‌సైటు ఇప్పుడు లేదు. నా కోపం మాత్రం ఉంది.

“ఇది ఏ ఆటదక్కా?” అని అడిగాను.

“మాటలతో ఆడేది. ఆడతావా?”

“స్క్రీన్ యాడుంది?”

అక్క తన నుదుటి మీద వేలితో తట్టింది. “ఈడ. నీకుండాదో లేదో చూడాల.”

తెలియనివాళ్ల కోసం చెబుతాను. బల్ల చుట్టూ కూర్చుని ఆడే సాహసం ఇది. ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు తలా ఒక పాత్ర. ఎదురుగా కోట ఉంది, తలుపు వేసి ఉంది, ఏం చేస్తావు అని కథ నడిపేవాళ్లు అడుగుతారు. మనం నోటికొచ్చింది చేయొచ్చు. తలుపు కొట్టొచ్చు, గోడ ఎక్కొచ్చు, కాపలావాడితో పెళ్లి సంబంధం మాట్లాడొచ్చు. కష్టమైన పనైతే పాచిక వేసి తేల్చుకుంటాం, పెద్ద అంకె పడితే గెలిచినట్టు. వీడియో గేములో ఈ సుఖం ఎక్కడుంది? ఎంత పెద్ద ప్రపంచం గీసినా దానికి ఒక అంచు ఉంటుంది. మనం అడగబోయే ప్రశ్నను ఎవరో ముందే రాసి పెట్టి ఉంటారు. మూడు జవాబుల్లో ఏది నొక్కినా గేములోని ముసలాయన అదే మాట అంటాడు! శంషాద్ అక్క కథలోని ముసలాయన మాత్రం నా మాటను బట్టి ముఖం మార్చేవాడు. మొదటి ఆదివారమే పిచ్చెక్కిపోయాను. తిరుగు బస్సులో ప్రొద్దుటూరు వచ్చేదాకా, పక్క సీటాయన ఎవరో తెలియకపోయినా, కాపలావాణ్ణి ఎలా బుట్టలో వేసుకున్నానో చెబుతూనే ఉన్నాను.

మేము ఆడేవాళ్లం ముగ్గురం. నేను, పులివెందులలో డ్రిప్ పైపుల షాపు నడిపే రెడ్డప్ప, అక్క ఆడబిడ్డ రెహానా. రెడ్డప్ప నాకంటే చిన్నవాడు, నన్ను మామా అని పిలుస్తాడు. ఆదివారం మధ్యాహ్నం షాపు షట్టరు సగం దించి, ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ముందు పెట్టుకుని కూర్చునేవాళ్లం. నూనె చేతులకు మా పాత్రల వివరాలు రాసుకున్న కాగితాలు పాడవుతున్నాయని అక్క వాటికి లామినేషన్ చేసి ఇచ్చేది. పుస్తకంలో ఉన్న మంచు కొండలూ రాక్షసులూ మాకు పనికిరావని, కథలన్నీ గండికోట చుట్టూ తనే అల్లుకుంది. ఒకరోజు మమ్మల్ని కోటకు తీసుకెళ్లి లోయ అంచున నిలబెట్టింది. చుట్టూ జనం సెల్ఫీలు దిగుతున్నారు. “కండ్లు మూసుకోండప్పా. గాలి ఏమంటాందో వినండి,” అంది. నాకైతే గాలి నా పేరు పిలిచినట్టే వినబడింది. రెడ్డప్పకు మాత్రం “టిఫిన్ యాడ దొరుకుతాదో” అని వినబడిందట.

ఆ గాలినే అక్క కథలో పెట్టింది. లోయలోకి దిగే దారి మొదట్లో ఒక గొర్రెల కాపరి మాతో అన్నాడు: ఖాళీ కడుపుతో దిగొద్దండి, గాలి పేరు పెట్టి పిలుస్తాది, పలికినోడు పోతాడు. కాస్త ముందుకు పోతే అంచున ఒక అవ్వ ఇల్లు. అక్క గొంతు మార్చి, అవ్వలాగా అడిగింది.

“సంగటి తింటారా నాయనా?”

“ఇప్పుడే తిన్యామవ్వా,” అన్నాను నేను. రెహానా కూడా తలూపింది.

“నేను తినల్యా. నాకు పెట్టవ్వా!” అన్నాడు రెడ్డప్ప. వాడు తన షాపులోనైనా ఆటలోనైనా అంతే. అది చూసి రెహానా నవ్వుతూ, సరే నాకూ ఒక ముద్ద అంది. అవ్వ ఇంటి ఉప్పు తిన్నవాణ్ణి ఆ గాలి ముట్టదు. నేను తినలేదు. లోయ సగంలో గాలి కొండన్నను పిలిచింది. పాచిక వేశాను. పలికాడు. పోయాడు.

ఏడాదికి పైగా పెంచుకున్న కొండన్న! ఈ జిల్లాలో ఎవరింట్లోనైనా అన్నం తింటావా అంటే మనం మొదట అనే మాట ఏమిటి? ఇప్పుడే తిన్నాను అనేగదా. అది అబద్ధం కాదు, మర్యాద. ఇంటివాళ్లు మళ్లీ అడగాలి, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాలి. అప్పుడు తింటాం.

“రెండోతూరి అడగని ఇల్లు కడప జిల్లాలో యాడుందక్కా?” అని బల్ల మీద గట్టిగా చరిచాను.

“కాపరి చెప్పినాడు కదప్పా.”

“కాపరి చెప్పింది వేరే. అవ్వ అడగాల్సింది వేరే!”

లేచి బస్సెక్కేశాను.

తర్వాతి వారం కొత్త పాత్రతో వెళ్లాను గానీ ఆ అన్యాయాన్ని వదల్లేదు. ఏ ఇంటి తలుపు కనబడినా “ఈడన్నా రెండోతూరి అడుగుతారా?” అనేవాణ్ణి. అక్క బల్ల దగ్గర ఒక కట్టుబాటు ఉండేది. కథలో ఇది బాగలేదు అన్నవాడు అదే చోటును తర్వాతి ఆదివారం తానే నడిపి చూపాలి.

“కూర్చో మరి నా కుర్చీలో,” అనేది అక్క.

“హోటల్లో కూర బాగలేదని చెప్పనీకి నాకు వంట రావాల్నా?”

“హోటల్లో దుడ్లిస్తావు. ఈడ ఏమిస్తాండావు?”

ఆ మాట నాకింకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇలా ఉండగా అక్కకు కువైట్ వీసా వచ్చింది. భర్త దగ్గరికి వెళ్లిపోతుంది. కథ నడిపేవాళ్లు లేకపోతే బల్ల అంతటితో సరి. వారమంతా నేను బట్టలు కొలిచేది ఆ ఆదివారం కోసమే. నాకు ఆ కుర్చీ కావాలి. రెడ్డప్ప, రెహానా నా వైపే ఉన్నారు. అక్కే ఒప్పుకోలేదు.

“నువ్వు తప్పులు పట్టేటోనివప్పా. కథ నడిపేటోనికి ఆడేవాళ్లంటే ప్రేముండాల,” అంది మా అందరి ముందూ.

“అవ్వ ఇల్లు నడిపి చూపిస్తా. నువ్వూ ఆడు. అప్పుడు చెప్పు,” అన్నాను.

“బాగుంటే పుస్తకం నీది. లేకుంటే దాన్ని కువైట్‌కే తీసకపోతా.”

రెండు వారాలు ఆ ఇల్లు తప్ప నా తలలో ఇంకేమీ లేదు. అవ్వ మూడుసార్లు అడుగుతుంది, అది ఖాయం. కానీ ఉప్పు సంగతి ఇప్పుడు అందరికీ తెలుసు. అందరూ పెట్టవ్వా అంటే కథ చప్పబడిపోతుంది. అందుకని కుండలో ఇద్దరికే సంగటి ఉంచాను, అవ్వ భాగం కాకుండా. వచ్చేది ముగ్గురు. కొట్టుకుంటారు, బేరాలాడతారు, రెడ్డప్ప కుండ ఎత్తుకుని పరిగెత్తినా పరిగెత్తుతాడు అనుకుని నాలో నేనే మురిసిపోయాను.

ఆ ఆదివారం అక్క గాజులమ్మే బీబీ పాత్ర తీసుకుంది. అవ్వ ఇంటి ముందుకొచ్చారు. కుండలో ఇద్దరికే ఉందని చెప్పి, సంగటి తింటారా అని అడిగాను. రెడ్డప్ప సంగతి సరే, అప్పుడే చెయ్యి చాపాడు. రెహానా అక్క వైపు చూసింది.

“ఆ పాపకు పెట్టవ్వా. నేను తినే వచ్చినా,” అంది బీబీ.

నేను రెండోసారి అడిగాను. తిన్నానంది. మూడోసారి ఆమె చెయ్యి పట్టుకున్నంత పని చేశాను. “అబద్దం చెప్తాండావు. నీ మొగం చూస్తేనే తెలుస్తాంది. నా భాగం తిను, కూర్చో,” అన్నాను. అది నేను ముందు అనుకున్న మాట కాదు.

“నీ భాగం తింటే ఆ గాలి నిన్ను పిలుస్తాది కదవ్వా,” అంది అక్క మెల్లగా.

బీబీ ఆ ముద్ద ముట్టలేదు. రెడ్డప్ప బజ్జీ నమలడం ఆపేశాడు. లోయలోకి దిగారు. గాలి బీబీని పిలిచింది. అక్క పాచిక వేసింది. చిన్న అంకె పడింది.

“ఇంకోసారి వెయ్యక్కా,” అన్నాను.

“ఏసింది ఏసినట్లే.” అక్క మోచేతులు బల్ల మీద ఆనించి ముందుకు వంగింది. కళ్లు మెరిసిపోతున్నాయి. “సరే, నేను సచ్చిపోయినా. తర్వాతేమైంది? చెప్పప్పా, తొందరగా చెప్పు!”

చీకటి పడేదాకా చెప్పాను. అలా ఎప్పుడూ చెప్పలేదు. బీబీ గాజుల చప్పుడు లోయలో మిగతా ఇద్దరికీ దారి చూపిస్తుందని అప్పటికప్పుడు తట్టింది. అది చెప్పినప్పుడు రెహానా ఏడ్చింది, రెడ్డప్ప ముక్కు తుడుచుకుని బజ్జీలో కారమెక్కువైందన్నాడు. చచ్చిపోయిన అక్కే అందరికంటే ఎక్కువ ప్రశ్నలడిగింది.

అందరూ లేచాక అక్క పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. “కొండన్న సచ్చిన పొద్దు నువ్వు పోయినాక ఏమైందో ఇంతవరకూ అడగనే ల్యా నువ్వు,” అంది.

“ఏమైంది?”

“వీండ్లిద్దరూ గాడిదను తోలుకొని కొండన్న కోసం లోయంతా ఎతికినారు. మోసుకొని పైకి తెచ్చినారు. అవ్వ సూసింది. ఆ పొద్దు నుంచి ఇంటి ముందరే కూర్చుంటాది. దారిన పోయేటోన్ని ఒకటికి పదిసార్లు అడుగుతాది, సేయి పట్టుకొని మరీ పెడతాది. నీవల్లే మారింది ఆ అవ్వ. ఆ పొద్దు ఆడ్నే ఉండుంటే నువ్వే ఇనేటోనివి. నువ్వు అడిగితే చెబ్దామని శానా దినాలు సూసినా.”

ఇన్నాళ్లూ నేను పోట్లాడిన పోట్లాట, నేను బస్సు ఎక్కిన కాసేపటికే తీరిపోయిందన్నమాట!

“అయినా మొదటే అడిగుండాల్సింది,” అన్నాను.

“ఓరి నీ మొండితనం కూలా!” అని అక్క పడీపడీ నవ్వింది. ఆ వారమే కువైట్ వెళ్లిపోయింది.

నా అభిప్రాయం ఇప్పటికీ అదే. ఆ అవ్వ మొదటే రెండోసారి అడిగి ఉండాల్సింది. కానీ ఏ ఆటనైనా, బల్ల మీదిదైనా స్క్రీన్ మీదిదైనా, ఇప్పుడు నేను ఒకే గీటురాయి మీద గీసి చూస్తాను. ఓడిపోయినవాడికి తర్వాతేమైందో తెలుసుకోవాలనిపించిందా లేదా? వీడియో గేములో చస్తే వెనక్కి పోయి మళ్లీ మొదలుపెడతాం. ఆ చావు జరగనట్టే. ప్రపంచం మన చావును మోసుకుంటూ ముందుకు పోయే గేము చాలా అరుదుగా దొరుకుతుంది. దొరికితే ఎగిరి గంతేసి కనబడినవాళ్లందరికీ చెబుతాను. నా సమీక్షలు ఇప్పటికీ పొడుగే.

ప్రొద్దుటూరులో మా బట్టల షాపు పై గదిలో ఇప్పుడు ఆ ఆటను నేను నడుపుతున్నాను. పోయిన ఆదివారం ఒక బ్యాంకు ఉద్యోగిని ఆడుతున్న పాత్ర చచ్చిపోయింది. కొత్తగా చేరిన అమ్మాయి. “ఇది అన్యాయం సార్,” అని ముఖం ఎర్రగా చేసుకుని బ్యాగు తగిలించుకుంది. అన్యాయం కాదని నేను వాదించలేదు. కూర్చోమన్నాను. వినిపించుకోకుండా మెట్ల దాకా వెళ్లింది. నేను మిగతావాళ్ల వైపు తిరిగి, ఆమె శవాన్ని ఎవరు మోస్తారని అడిగాను. ఇద్దరు ఒకేసారి చేతులెత్తారు. మెట్ల దగ్గర అడుగుల చప్పుడు ఆగిపోయింది. ఆమె వచ్చి కూర్చోలేదు. అలాగని మెట్లు దిగనూ లేదు. నేను గొంతు కొంచెం పెంచి కథ ముందుకు నడిపాను.