అమాల్ఫీలో అల్లుడి అలక

చేపల దేశం వెళ్ళి, సముద్రం ఒడ్డున, మిట్టమధ్యాహ్నం కడుపు మాడ్చుకుని గోడవైపు తిరిగి కూర్చున్న తెలుగు అల్లుణ్ణి బహుశా నేనొక్కణ్ణే. దొంగలు దోచుకోలేదు. పాస్‌పోర్టు పోలేదు. జ్వరమైనా లేదు. నా అంతట నేనే, పూర్తి తెలివిలో ఉండి, ఆ ఘనకార్యం సాధించాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా ఇంట్లో వాళ్ళు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు.

మాది రాయగడ. కొండచీపుళ్లు, చింతపండు టోకు వ్యాపారం. అత్తవారిది బోరిగుమ్మ, వాళ్ళకక్కడ బట్టల కొట్టు. నా వ్యాపార దక్షత మీద మా బజారులో రకరకాల అభిప్రాయాలున్నాయి గానీ, అలగడంలో మాత్రం నాకు సాటి వచ్చేవాడు లేడని అందరూ ఒప్పుకుంటారు. అత్తవారి వైపు ఒక పెళ్ళిలో ఫొటో తీసేటప్పుడు తోడల్లుణ్ణి నా కంటే ముందు నిలబెట్టారని అలిగాను. మునిగుడ స్టేషనుకి ఎవరూ ఎదురు రాలేదని ప్లాట్‌ఫారం బెంచీ మీద మూడు గంటలు అలిగాను. పొట్టంగిలో ఒక బారసాలకి వెళ్ళి, నల్లి ఎముక పక్కవాడి విస్తట్లో పడిందని చెయ్యి కడిగేసుకున్నాను. చూశారా, ఎంత చక్కని మనిషినో!

నా అలక ఊరికే గాలివాటుగా సాగదు, దానికో వరస ఉంది. ముందు నేను "వద్దు" అంటాను. మా బామ్మర్ది రమణ వచ్చి "ఏటయ్యింది బావా?" అంటాడు. నేను గోడవైపు తిరుగుతాను. తరవాత మా ఆవిడ పార్వతి వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. విదిలించుకుంటాను. మూడోసారి మా అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంటూ వచ్చి, "మావల్ల తప్పయిపోనాది, లెగండి బాబూ" అంటుంది. అప్పుడు వాళ్ళకేదో ఉపకారం చేస్తున్నట్టు లేచి, ఇద్దరి తిండి తింటాను. ఇరవై ఏళ్లలో ఈ వరస ఒక్కసారీ తప్పలేదు.

అలాంటి నన్ను రమణ ఇటలీ తీసుకెళ్ళాడు, అక్కనీ అమ్మనీ కూడా. టికెట్లు, హోటళ్ళు అన్నీ వాడే చూసుకున్నాడు. నా పని వంకలు పెట్టడం. రోములో కూలిన గోడల ముందు జనం నోళ్ళు తెరుచుకుని నిలబడితే, "మా గునుపురం రోడ్డులో పాత రైసుమిల్లు ఇంతకంటే బాగా కూలింది" అన్నాను. ఫ్లోరెన్సులో రాతి మనిషిని చూసి, ఇంత పెద్ద ఊళ్ళో ఒక తువ్వాలు దొరకలేదా అని ఈసడించాను. నేపుల్సులో పిజ్జాని మాడిన దిబ్బరొట్టె అని తిడుతూనే పార్వతి వాటా కూడా లాక్కుని తిన్నాను.

అసలు నేను అంత దూరం వెళ్ళింది గోడలకీ బొమ్మలకీ కాదు, చేప కోసం. మా రాయగడకి సముద్రపు చేప ఐసుపెట్టెలో రైలెక్కి వస్తుంది. అమాల్ఫీ తీరంలో అయితే పడవవాడు మనల్ని ఎక్కించుకుని వెళ్ళి, కళ్ళముందే చేప పట్టి, ఇసకలో నిప్పులు రాజేసి కాల్చి పెడతాడట. ఈ మాట రమణ చెప్పిన రోజు నుంచీ నాకు నిద్ర లేదు. బజారులో చీపుళ్ల కట్ట కొనడానికి వచ్చిన ప్రతివాడికీ ఆ చేప కథ వినిపించాను. ఆ పడవ ప్రయాణం ఒక్కరోజే. తప్పితే మళ్ళీ లేదు.

దానికి ముందురోజు రాత్రి అమాల్ఫీ హోటల్లో భోజనంలో వేయించిన చేప వచ్చింది. రమణ తల్లికి వడ్డించాడు, అక్కకి వడ్డించాడు, తనూ వేసుకున్నాడు. నా కంచంలో ఏం పడిందనుకున్నారు? తోక! పెద్దల్లుడికి తోక! ఆ తోకని రాత్రంతా మనసులో దాచుకున్నాను. తెల్లారి, అందరూ టోపీలు పెట్టుకుని హోటలు వాకిట్లో నిలబడ్డాక, "నేను రాను" అని గోడవైపు తిరిగి కూర్చున్నాను.

"ఏటయ్యింది బావా?" అన్నాడు రమణ. నా గుండె నిండింది. మొదటి మెట్టు అనుకున్నట్టే పడింది.

"ఏటీ అవలేదు. మీరెల్లండి."

ఇంతలో మమ్మల్ని పడవ దగ్గరికి తీసుకెళ్ళాల్సిన ఇటలీ అమ్మాయి వచ్చి రమణతో ఏదో మాట్లాడింది.

"ఒంట్లో బాగోలేదేటని అడుగుతంది బావా."

"బాగానే ఉంది. రానంతే."

ఆ అమ్మాయి నవ్వి, భుజాలెగరేసి, ఇంకో మాటంది. రమణ తల్లికి చెప్పాడు: "మడిసి వద్దంటే వద్దనేనంటమ్మా. బలవంతం సెయ్యడం మర్యాద కాదంట."

మా అత్తగారి మొహం వెలిగిపోయింది. "వద్దంటే వద్దనేనా? ఎంత మంచి దేశమర్రా ఇది! ఇరవై ఏళ్ల నుంచీ ఈ ముక్క నాకెవులూ సెప్పలేదు!"

పార్వతి దగ్గరికొచ్చింది. రెండో మెట్టు. "నిజంగా రారేటండీ?"

"రానంటే రాను." మా భాషలో దానర్థం ఇంకోసారి అడుగు అని. ఆవిడకది తెలుసు. తెలిసీ, "అయితే గది తాళం మీ దగ్గరే ఉంచండి" అని చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

ఒక్కణ్ణే కూర్చున్నాను. మలుపు దాకా వెళ్ళి ఎవరో ఒకరు తిరిగొస్తారనుకున్నాను. ఎవరూ రాలేదు. గదిలోకెళ్ళి కిటికీలోంచి చూస్తే మావాళ్ళు పడవెక్కుతున్నారు. నా పరువు ఎటు పోయిందో తెలీదు, చేప మాత్రం కళ్ళముందు కనబడింది. చెప్పులు చేత్తో పట్టుకుని కొండమెట్లన్నీ పరిగెత్తి దిగాను. రేవుకి చేరేసరికి పడవ కదిలింది.

"ఒరే రమణా! వస్తానొరే! ఆపండొరే!" అని రెండు చేతులూ ఊపాను.

ఇంజను చప్పుడులో నా మాట ఎవరికి వినబడుతుంది? మా అత్తగారు నన్ను చూసి మురిసిపోయి, తనూ రెండు చేతులూ ఊపింది. పార్వతి ఊపింది. రమణ ఊపాడు. పడవవాడు టోపీ తీసి మరీ ఊపాడు. అలక తీరి టాటా చెప్పడానికి వచ్చాననుకున్నారట!

కాళ్ళీడ్చుకుంటూ హోటలుకి వచ్చి, మళ్ళీ గోడవైపు తిరిగి కూర్చున్నాను. మిట్టమధ్యాహ్నం హోటలు వంటింటావిడ జాలిపడి, వేడి వేడి సేమ్యాలాంటిదేదో ప్లేటు నిండా తెచ్చింది. ఆకలి దంచేస్తోంది. అయినా అలవాటుపడిన నోరు ఊరుకోదు కదా, "నో, నో" అనేసింది. ఆవిడ ప్లేటు తీసుకుని వెళ్ళిపోయింది. నాలాంటి వెధవని మీరెక్కడైనా చూశారా?

సాయంత్రం ముగ్గురూ ఎండకి ఎర్రబడి, నిమ్మకాయా కాల్చిన చేపా కలిసిన వాసనతో వచ్చారు. నేను సిగ్గు విడిచి అడిగాను, "నాకేటి తెచ్చేరు?"

మా అత్తగారు నొచ్చుకుంటూ అంది: "పెద్ద చేప బాబూ, వెన్నలాగుంది. పడవాడు మీకోసం ఆకులో కట్టిస్తానన్నాడు. నానే వద్దన్నాను. అలిగినప్పుడు మీరు ఏదెట్టినా ముట్టరు కదా, మంచి చేప పాడైపోద్దని మేమే తినీసేం."

పార్వతి మాత్రం నొచ్చుకోలేదు. "ఇరవై ఏళ్లయింది, ఎక్కడికెల్లినా మీ అలక తీరేదాకా ఆగి, మీ మొహం చూసుకుంటూనే తిన్నాను. ఇయ్యాల చేపని చూసుకుంటూ తిన్నాను" అంది. నాకు నిజంగా సిగ్గేసింది. ఫొటో దగ్గర, మునిగుడ బెంచీ దగ్గర, పొట్టంగి విస్తరి దగ్గర ఈ మనిషి కూడా నాతోపాటు తినకుండా కూర్చుందన్న సంగతి నాకప్పుడే తట్టింది. ఇరవై ఏళ్ల ఆలస్యంగా.

ఇంతటితో అయిపోలేదు. ఇప్పుడు బోరిగుమ్మలో కూడా ఇటలీ చట్టమే నడుస్తోంది. మొన్న వెళ్ళినప్పుడు మా అత్తగారు గారెలు తెస్తే, మొహమాటానికి ఒక్కసారి "వద్దండీ" అన్నాను. "సరే బాబూ, మీ ఇట్టం" అని పళ్ళెం పట్టుకుని ఎంతో మర్యాదగా లోపలికి వెళ్ళిపోయింది.

కాబట్టి పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: ఈ జన్మలో ఇక ఖాళీ కడుపుతో అలగను. తప్పనిసరై అలగాల్సి వస్తే, శుభ్రంగా భోంచేసి, పెరుగన్నం కూడా ముగించి, చెయ్యి కడుక్కుని, ఆ తరవాతే గోడవైపు తిరుగుతాను.