చేతికంటిన మేత వాసన

పరిశోధనశాలలో, ఆకలితో ఉంచిన చేపల తొట్టెల దగ్గరికి వెళ్లే ముందు ఆమె సబ్బుతో చేతులు కడుక్కుంటుంది. మోచేతుల దాకా రుద్ది, వాసన చూసుకుని, అనుమానం తీరకపోతే మళ్లీ కడుగుతుంది. తోటివాళ్లు "మా సబ్బు డాక్టరమ్మ" అని ఏడిపిస్తారు.

తిండి లేనప్పుడు ఒంట్లో ఎంజైములు ఏమవుతాయో చూడటం ఆమె పని. మేత ఆపిన చేపల్లో సగాన్ని కోసి, పేగునూ కాలేయాన్నీ మంచు మీద ఉంచి పరీక్షిస్తుంది. మిగతా సగానికి మళ్లీ మేత పెట్టి, ఎలా కోలుకుంటాయో చూస్తుంది.

ఆ సంగతి తెలిసిన రోజు నాన్న అన్నం మీద అలిగాడు. బస్సు నడిపి రిటైరైన మనిషి, పట్టుబట్టాడంటే బ్రేకులుండవు.

"నోరులేని ప్రాణుల కడుపు మాడ్చే ఉద్యోగం మానెయ్. అప్పుడే ముద్ద ముట్టుకుంటా."

మంచినీళ్లు తప్ప ఏమీ తీసుకోలేదు. మర్నాటి సాయంత్రం ఆమె మంచం పక్కన కూర్చుంది.

"కాలేయంలో దాచుకున్న చక్కెర అయిపోయుంటుంది నాన్నా. ఇప్పుడు ఒళ్లు నీ కండ కరిగించి చక్కెర చేసుకుంటోంది. పేగులేమో పని లేక ఎంజైములు తగ్గించేస్తాయి."

"నన్నూ తొట్టెలో పడేశావన్నమాట."

"నేను పడెయ్యలేదు. నువ్వే దూకావు."

నవ్వు కనపడకుండా ఆయన గోడవైపు తిరిగాడు. తింటానని మాత్రం అనలేదు. ఆమెకు పని వదలడం చేతకాదు, తండ్రిని అలా చూడటమూ చేతకాదు. "ఒక్కసారి వచ్చి చూడు, తర్వాత నీ ఇష్టం" అని బతిమాలి, పొద్దున్నే బస్సెక్కించింది. దారంతా డ్రైవరు గేర్లు మార్చే తీరుకు నొచ్చుకుంటూనే వచ్చాడాయన.

ఒక వరస తొట్టెలకు ఆరోజే మళ్లీ మేత మొదలు. ఆమె చిటికెడు చల్లింది.

"ఇంతేనా? గుప్పెడు వెయ్యవే."

"అరగదు నాన్నా. కడుపు పని అందుకోవడానికి టైం పడుతుంది."

తర్వాత చేతులు కడుక్కుని, ఇంకా మేత పెట్టని రెండో వరస వైపు నడిచింది.

"పెట్టేది లేనిచోటికి ఈ కడుగుడెందుకే?"

"మేత వాసన తగిలితే పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. పెట్టనప్పుడు ఆశ చూపించకూడదు కదా."

సబ్బుకు పగిలిన ఆమె వేళ్లను నాన్న కాసేపు చూశాడు. "కష్టంగా ఉండదా?"

"ఉంటుంది. కానీ జబ్బుపడి తిండికి దూరమైనవాళ్లకు మళ్లీ ఎలా పెట్టాలో తెలియాలి కదా."

"నేను ఒప్పుకోను."

"ఒప్పుకోకు. తిను."

ఇంటికొచ్చి ఆయన గిన్నె ముందుకు తోశాడు. "జావ పల్చగా చెయ్యి. కొంచెమే. నా కడుపూ పని మరిచిపోయుంటుంది."

ఆ ఉద్యోగం ఆయనకు ఇప్పటికీ నచ్చదు. రాత్రి భోజనం మాత్రం, ఆమె వచ్చి చేతులు కడుక్కున్నాకే, ఇద్దరూ కలిసి చేస్తారు.