ఆ గాలి ఎవరికి పడదు

సెత్సుయో పిన్ని ఎవర్నీ నమ్మదు. టోఫు కొంటే కొట్లోనే మూత తీసి వాసన చూస్తుంది. టీవీలో వాన రాదంటే గొడుగు పట్టుకుని బయల్దేరుతుంది. గని మురుగు కలిసినా నది నీళ్ళకేం కాలేదని ఒకప్పుడు పెద్దమనుషులు చెప్తే నమ్మి జబ్బుపడిన ఊళ్ళు మావి. అందుకే ఇక్కడ ఆవిణ్ణి తప్పుపట్టేవాళ్ళు తక్కువ.

ఆ గని పని ఆగిపోయాక, అదున్న కొండలోకి శాస్త్రవేత్తలు దిగారు. లోపల పెద్ద తొట్టి కట్టి నీళ్ళు నింపారు. సూర్యుడిలో పుట్టిన న్యూట్రినోలనే అతి సూక్ష్మమైన కణాలు కొండనైనా దూసుకుపోతాయి. ఎప్పుడో ఒకటి నీళ్ళలో దేనికో తగిలి మిణుక్కుమంటే గోడలకున్న గాజు కళ్ళు పట్టుకుంటాయి. వాళ్ళని సొరంగంలోకి తీసుకెళ్ళే చిన్న బస్సుకి పిన్నే డ్రైవరు. హెల్మెట్లు పంచేది నేను.

"సూర్యుణ్ణి చూడ్డానికి భూమిలో దూరతారుట్రా? వీళ్ళేదో దాస్తున్నారు" అనేది.

నేను నవ్వేవాణ్ణి. ఆమె మొగుడికి పిలుపు వచ్చేదాకా అది నవ్వులాటే.

ఇవాకిచి బాబాయి వయసంతా ఆ గనిలోనే రాయి తొలిచాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే దగ్గుతాడు. సందర్శకులొచ్చే రోజున లోపలికొచ్చి పాత గని కబుర్లు చెప్పమని, తొట్టి దగ్గర పనిచేసే కుజే మాస్టారు అడిగారు. బాబాయి మారు మాట్లాడకుండా ఒప్పుకున్నాడు.

ఆ పొద్దున బాబాయితో సహా అందరం బస్సెక్కి కూర్చున్నాం. పిన్ని మాత్రం కిందే నిలబడి, సొరంగంలోకి పోయే లావుపాటి గొట్టాన్ని చూస్తోంది.

"ఇది దేనికి మాస్టారూ?"

"బయటి గాలి లోపలికి పంపడానికండీ."

"లోపల గాలి లేదా?"

"ఉంది. కానీ అందులో రాతిలోంచి వచ్చే రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉంటుంది. అది నీళ్ళలో కలిస్తే దొంగ మెరుపులొస్తాయి. ఏది సూర్యుడిదో తేల్చుకోలేం."

"అంటే ఆ గాలి మీ తొట్టికి పడదు."

"పడదండీ."

"మా ఆయనకి పడిందా?"

కుజే నవ్వబోయి ఆగారు. "కాసేపుంటే ఏం కాదండీ. మేం రోజూ కొలుస్తాం."

"మీ సంగతి సరే. ఈయన రాయి తొలిచినప్పుడు ఎవరు కొలిచారు?"

"నాకు తెలీదు. అప్పటి కొలతలు మా దగ్గర లేవు."

"ఈ దగ్గు దానివల్లేనా?"

"అదీ చెప్పలేనండీ. రాతి దుమ్ము కావచ్చు, సిగరెట్లు కావచ్చు, ఇదీ కావచ్చు."

ఆయన అబద్ధమాడుంటే పిన్ని తేలిగ్గా తిట్టి ఊరుకునేది. నిజం చెప్పేసరికి ఆమె ముఖం మాడిపోయింది.

"ఏమయ్యా, దిగు" అంది బస్సు వైపు తిరిగి. "ఆ కబుర్లేవో ఇక్కడ నిలబడి చెప్పు."

బాబాయి దిగాడు. "ఏమిటే జనం ముందు ఈ పంచాయితీ? ఆ గాలి చెడ్డదైతే, నేను బతికిందంతా చెడ్డదేనా?"

"నేనన్నానా అలా? బస్సు కదలదు, అంతే."

"నాకు కాళ్ళు లేవా?"

నెత్తిమీద దీపం వెలిగించుకుని సొరంగంలోకి నడిచాడు. ఇదీ కార్యక్రమంలో భాగమే అనుకుని ఎవరో చప్పట్లు కొట్టారు. దీపం కాస్త దూరం పోయి ఆగింది. దగ్గు మొదలైంది. గోడలకి తగిలి రెట్టింపై వచ్చింది. ఇక ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

పిన్ని బస్సెక్కి తోలింది. అతని పక్కనే ఆపి తలుపు తీసింది.

"ఎక్కు."

"ముందుకైతేనే ఎక్కుతా." ఒక చెయ్యి గోడకి ఆనించి వంగి నిలబడ్డాడు.

పిన్ని తలుపు తెరిచే ఉంచింది. ఇంజను ఆపలేదు. బాబాయి చీకట్లోకి చాలాసేపు చూశాడు. చివరికి ఎక్కి, మా అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు.

"వెనక్కి పోనీ" అని గొణిగాడు.

అక్కడ తిరిగే చోటు లేదు. పిన్ని మెడ తిప్పి, అంగుళం అంగుళం బస్సుని వెనక్కి నడిపింది.

బాబాయి సొరంగం ముందే స్టూలు వేయించుకుని కబుర్లు చెప్పాడు. పెళ్ళాం వైపు మాత్రం చూళ్ళేదు. మధ్యాహ్నం ఆమె అన్నం ముద్ద తింటుంటే కుజే వచ్చి, క్షమించమని తల వంచారు.

"అది సరే. మీరెన్నేళ్ళుగా వెళ్తున్నారు లోపలికి?"

"తొమ్మిదేళ్ళండీ."

"నువ్వూ రోజూ వెళ్తున్నావుగా పిన్నీ" అన్నాను.

"అందుకేగా అడుగుతున్నది! మాస్టారూ, గట్టిగా ఓసారి ఊపిరి పీల్చండి."

ఏం చెయ్యాలో తోచక ఆయన పీల్చారు. పిన్ని నమలడం ఆపి ఆయన ఛాతీ వైపు చెవి ఒగ్గింది.