మామ వీధిలో వేసిన గాలం

పెళ్లయిన తొలి ఏడాది, మాఘమాసంలో ఒక ఆదివారం, ఎనిమిది మంది అత్తింటి చుట్టాల ముందు నా పరువు నీళ్లపాలైంది. మాటవరసకు అనడం లేదు, నిజంగా నీళ్లలోనే పోయింది.

మా అత్తగారి ఊరు జమ్మలమడుగు దగ్గర జలాశయంలో మునిగింది. ఇప్పుడు ఒడ్డుకు దగ్గర్లోనే కొత్త కాలనీలో ఉంటున్నారు. పులివెందుల నుంచి చుట్టాలు వస్తున్నారని తెలిసి, ప్రొద్దుటూరులో గాజుల అంగడి తప్ప మరేమీ ఎరగని నేను, చేపలు నేనే పట్టుకొస్తా, మాంసం తేవద్దని మామకు మాటిచ్చాను. కొత్త అల్లుడి నోటికి గేటుండదు కదా. పాపం, అత్త నమ్మి పొద్దున్నే మసాలా నూరి పెట్టుకుంది.

తెల్లవారగానే ఒడ్డుకు వెళితే, పుట్టిలో వల సర్దుకుంటున్న జాలరి మస్తాన్ నన్ను చూసి జాలిపడ్డాడు.

"ఈ సలికి నీళ్లు శానా సల్లగుండాయప్పా. చేప అడుక్కు పోయి కదలకుండా ఉంటాది. పొద్దెక్కినాక రా."

చెప్పినవాడు పుట్టిలోనే పెరిగినవాడు, విన్నవాడు గాజులమ్మేవాడు. ఎవరి తెలివి ఎక్కువో మీరే చెప్పండి. చలికి మనిషి ఇంట్లో దూరినట్టే చేపా దూరుతుందని నాకు తోచింది. నీళ్ల కింద తన వీధి ఎక్కడుందో మామ నాకు ఎన్నోసార్లు చూపించాడు. పక్కంగడి వాడి దగ్గర అరువు తెచ్చుకున్న గాలాన్ని సరిగ్గా అక్కడికే విసిరాను.

అరగంటకు పడింది. లాగితే రాదు, వదిలితే పోదు. గాలికి నీళ్లు కదిలినప్పుడల్లా గుంజుతోంది. ఇరవై కిలోల బొచ్చె చేప అని తీర్మానించుకుని మామకు ఫోన్ చేశాను. ఆయన చుట్టాలందరినీ ఆటోలో వేసుకొచ్చాడు. అత్త కత్తిపీట కూడా తెచ్చింది. అందరి ముందూ మరో గంట లాగాను. అరచేతులు బొబ్బలెక్కాయి. ఏడుపొక్కటే తక్కువ.

చివరికి మస్తాన్ దారం వెంబడే పుట్టి వేసుకుపోయి, నీళ్లలో చేయి పెట్టి చూసి తిరిగొచ్చాడు. నావైపు చూడలేక మామతో చెప్పాడు.

"చేప కాదు పెద్దాయనా. కరెంటు స్తంభం."

చుట్టాలు పడీ పడీ నవ్వారు. భూమి చీలితే అందులో దూరుదామనుకున్నాను. మామ మాత్రం నవ్వలేదు.

"మా ఇంటి ముందరిదేనా?"

"ఆ వీధికి ఉండేది అదొకటే గదా."

నా భార్య చిన్నప్పుడు కిరోసిన్ దీపం కింద చదువుకోలేకపోతోందని, రెండేళ్లు కరెంటాఫీసు చుట్టూ తిరిగి మామ వేయించిన స్తంభమది. మామ పుట్టి ఎక్కి అక్కడికి వెళ్లాడు. భుజం దాకా చేయి ముంచి చాలాసేపు అలాగే ఉన్నాడు. వచ్చాక నేను సిగ్గుతో దారం కోయబోతే చేయి పట్టుకున్నాడు.

"కోయొద్దు అల్లుడా. యాడుండాదో తెలుస్తాంటాది, ఉండనీ."

గాలం కర్రను ఒక రాతికి గట్టిగా కట్టేశాడు. ఆ మధ్యాహ్నం చేపల మసాలాలో కోడిగుడ్లు ఉడికాయి. కర్ర ఏదని పక్కంగడి వాడు నన్ను ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాడు.

కాబట్టి, ఆనాడు బొబ్బలెక్కిన ఈ రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట గాలం వేస్తే, ఏ చుట్టమూ ఏనాడూ కాపురం చేయని నీళ్లలోనే వేస్తాను. మా వైపు అలాంటి నీళ్లు దొరికితే.