మా మేడమీది లోకశాంతి

మొన్న శుక్రవారం పొద్దున్న మా మామగారు పోయారు. బతికుండగా ఆయనతో పడనివాళ్ళు కూడా దుకాణాలు మూసి వచ్చారు. పడనివాళ్ళే ఎక్కువ కాబట్టి బరంపురంలో మా వీధి నిండిపోయింది.

ఆయన బట్టల వర్తకులు. అంతకన్నా ముఖ్యంగా, మా మేడమీద నడిచే లోకశాంతి సంఘానికి అధ్యక్షులు. పెద్ద యుద్ధంలో గుమాస్తా పనికని మెసపొటేమియా వెళ్ళిన ఆయన తమ్ముడు తిరిగి రాలేదు. దేశాలు కొట్టుకోకుండా కూర్చుని మాట్లాడుకోవడానికి జెనీవాలో సభ పెట్టారని పేపర్లో చదివి, దానికి మన ఊరి మద్దతు లేకపోతే ఎలాగని ఈ సంఘం పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నాలు సభ. ఆడవాళ్ళకి సమాన హక్కులుండాలని తీర్మానం చేసిన నాడు నేను మెట్లమీద నిలబడి ఉప్మా పళ్ళేలు అందిస్తున్నాను. నాకూ ఒక కుర్చీ వెయ్యాలని ఎవరికీ తోచలేదు. ఆ మాట మామగారితో అంటే నాలిక కరుచుకున్నారు. మరుసటి ఆదివారం తన కుర్చీ నాకిచ్చి ఆయన బట్టల మూటమీద కూర్చున్నారు.

సంఘానికి ఒకటే నియమం. గొంతు పెంచినవాడు సభ అయ్యేదాకా దూలానికి వేలాడే గుడ్డ పంకా తాడు లాగాలి. నియమం పెట్టిందీ ఆయనే, ఎక్కువగా లాగిందీ ఆయనే. వేసవిలో సభ్యులు ఉక్కకి తాళలేక, ఆయనకి కోపం తెప్పించే మాటలు వెతుక్కునేవారు. "కోపమొస్తే సేతికి పని సెప్పాల, నోటికి సెప్పకూడదు" అంటూ ఆయన లాగేవారు.

కార్యదర్శి మా ఎదురింటి ఒడియా ప్లీడరుగారు. ఇద్దరిదీ చిన్ననాటి స్నేహం. మా గంజాం జిల్లా మద్రాసు రాష్ట్రంలోనే ఉండాలా, కొత్తగా పెట్టే ఒడియా రాష్ట్రంలో కలవాలా అన్న గొడవ వచ్చాక ఒక ఆదివారం మేడ దద్దరిల్లింది.

"బరంపురం మాది!" అన్నారు మామగారు.

"మరి మేమేటి, సుట్టపుసూపుగా ఒచ్చినామా, సావుకారు?" అన్నారు ప్లీడరుగారు.

నువ్వు లాగు అంటే నువ్వు లాగు అని ఇద్దరూ తాడు ముట్టుకోలేదు. సభ్యులు చెమటలు కక్కుతూ దిగిపోయారు. ఆ తరవాత ప్లీడరుగారు రావడం మానేశారు. మామగారికి అన్నం సహించేది కాదు. కిటికీ దగ్గర నిలబడి ఎదురింటివైపే చూసేవారు. "ఆడే లేకపోతే ఈ సంగం దేనికి?" అన్నారొకసారి. నాకు భయం వేసింది, జాలీ వేసింది.

చివరికి మా అత్తగారికి విసుగొచ్చింది.

"జెనీవా సంగతులన్నీ సెప్తారు గానీ, ఎదురింటికి ఎల్లలేరేటి?"

"ఎల్లి ఏటి సెప్పమంటావు?"

"ఏటీ సెప్పొద్దు. ఆకలేస్తందనండి."

పరాయి ఇంట మంచినీళ్ళయినా ముట్టని మనిషి వెళ్ళి, వాళ్ళ చద్దన్నం, అదే పఖాళ, కడుపునిండా తిని వచ్చారు. "ఉప్పు సాల్లేదు. అయినా నోరెత్తినానేటి?" అని మాకు గర్వంగా చెప్పారు. మరుసటి ఆదివారం స్నేహితులిద్దరూ వంతులేసుకుని పంకా లాగారు. జిల్లా ఎటు పోవాలన్నది మాత్రం వాళ్ళ మధ్య ఎప్పటికీ తేలలేదు.

నిన్న సంతాప సభకి అందరూ మేడెక్కారు. కాసేపటికే కేకలు మొదలయ్యాయి.

"సావుకారు తెలుగోడు. తీర్మానం తెలుగులోనే ఉండాల!" అని ప్లీడరుగారు.

"ఆయనకి మీకన్నా దగ్గరోలెవులు? ఒడియాలోనే రాయాల!" అని మా తెలుగువాళ్ళు.

ఎవరూ తగ్గడం లేదు. చావింట ఇదేం గోల, వీధిలో వింటే ఏమనుకుంటారని నేను మెట్ల తలుపు వెయ్యబోయాను.

"ఉండనీయమ్మా" అన్నారు అత్తగారు. "అరుసుకోనీ. మొన్నట్నించీ ఇల్లు మూగబోనాది."

తలుపు బార్లా తీయించి, ఆ పక్కనే గోడకి చేరబడి కూర్చున్నారు.